ఆకుపచ్చ ఆకాశం

ఆకాశాన్ని పటాలుగా గీసి, అచ్చు వేసి, ఒక్కొక్క పటానికీ మనిషి చేత్తో రంగులు అద్దిన పాత పుస్తకాలు ఇవాళ లోకంలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాటిని అద్దాల బీరువాల్లో పెట్టి, చేతులకి గుడ్డ తొడుగులు వేసుకుంటే తప్ప తాకనివ్వరు. గీసినవాడి పేరు వాటి మీద ఉంటుంది. అచ్చు కోసం రాగి రేకు చెక్కినవాడి పేరు ఉంటుంది. అమ్మినవాడి పేరైతే అందరికంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రంగులు వేసినవాళ్ళ ఊసే ఉండదు. వాళ్ళంతా మా అమ్‌స్టర్డామ్ కాలువ గట్ల మీద, కిటికీల పక్కన వంగి కూర్చుని నడుములు పోగొట్టుకున్నవాళ్ళు. అలాంటి ఒక పుస్తకానికి రంగులు పడ్డ ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. మూడు వందల అరవై ఏళ్ళ నాటి మాట.

టైమెన్ రంగుల మేస్త్రీ. ఆయన భార్య లైస్బెత్ ఆయనకి రంగులు నూరి పెట్టేది. పెళ్ళయి ముప్పై రెండేళ్ళు. అన్నేళ్ళూ పొద్దున్నే లేచి, నీలి రాయి నూరి, ఎర్ర చెక్క ఉడకబెట్టి, తుమ్మ జిగురు కలిపి, ఒక్కో రంగూ ఒక్కో ఆలిచిప్పలో పోసి, చెక్క పలక మీద పేర్చి ఆయన కుడిచేతి పక్కన పెట్టేది. కాగితాలకి పటిక నీళ్ళు పూసి ఆరబెట్టడమూ ఆవిడ పనే. అది చెయ్యకపోతే కాగితం రంగుని తాగేసి వెనక్కి కక్కుతుంది. పని ఎక్కువైనప్పుడు సముద్రాలకి పలచటి నీలం, అంచులకి పసుపు వంటింటి బల్ల మీద పెట్టుకుని తనే వేసేది గానీ, కిటికీ పక్కనున్న ఆయన కుర్చీలో మాత్రం ఏనాడూ కూర్చున్న పాపాన పోలేదు.

ఏడాదిగా టైమెన్ కళ్ళు మసకబారుతున్నాయి. ముక్కు కాగితానికి ఆనించి చూస్తే అచ్చు పడ్డ నల్ల గీతలు తెలుస్తాయి. రంగులే తెలియవు. నీలమూ ఆకుపచ్చా ఆయనకి ఒకటే బురద. ఈ సంగతి ఆయన పెళ్ళానికి చెప్పలేదు. చెప్పకపోతే తెలియదూ? ఒక ఆదివారం ఆయన లైస్బెత్ ఎర్ర మేజోళ్ళు తొడుక్కుని చర్చికి బయల్దేరాడు. నవ్వు రావలసిన చోట ఆవిడకి ఏడుపొచ్చింది. దాన్ని దిగమింగి, "ఏం, ఈ వారం పాస్టరు గారిని గుడ్లప్పగించి చూసేలా చెయ్యాలనా? విప్పు, నావి," అంది. ఆయన కిందికి చూసుకుని, "నవ్విద్దామనుకున్నాలే," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఇద్దరిదీ ఉత్తుత్తి నవ్వే.

ఆ మర్నాటి నుంచీ లైస్బెత్ ఆలిచిప్పల వరస మార్చకుండా పెట్టడం మొదలుపెట్టింది. ఎడమ చివర నీలం, దాని పక్కన ఆకుపచ్చ, తరవాత ఎరుపు, పసుపు, గోధుమ రంగు, చివర తెల్లటి సఫేదా. ఆయన చూడక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు. ఆయన ఎందుకిలా పెడుతున్నావని అడగలేదు. ఆవిడ చెప్పలేదు. అలా ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ కాపురం చేస్తున్నారు, కొత్త దంపతుల్లా.

అలాంటి సమయంలో వచ్చి పడింది ఆ ఆకాశం పుస్తకం. తెచ్చినవాడు పుస్తకాల వర్తకుడు రూలోఫ్. చేయించుకుంటున్నవాడు బారెంట్ అనే ముసలి సరంగు. తూర్పు దీవులకి వెళ్ళే ఓడలకి ముప్పై ఏళ్ళు దారి చూపించి, ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఒడ్డున పడ్డాడు.

"నా దగ్గరున్న సముద్రపటానికి రంగులు వేసింది నువ్వేనట మేస్త్రీ," అన్నాడు బారెంట్. "ఎన్నిసార్లు ఉప్పునీళ్ళు పడ్డా చెక్కుచెదరలేదు. దీనికీ ఆ చెయ్యే పడాలి."

"మేస్త్రీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే నేనూ ఒప్పుకోను," అని రూలోఫ్ పక్కనుంచి తాళం వేశాడు. "ముందే చెబుతున్నా. నీకు కుదరదంటే చెప్పు, రంగులవాళ్ళకి కరువు లేదు ఈ ఊళ్ళో."

"కుదరకపోవడమేంటి," అన్నాడు టైమెన్.

ఆయనా రూలోఫూ కాగితాలు లెక్కపెట్టుకుంటుంటే, బారెంట్ పొయ్యి దగ్గర కూర్చుని లైస్బెత్ పోసిన బీరు తాగుతూ మాటల్లో పడ్డాడు. ఆఫ్రికా చివరి కొన దాటాక దక్షిణాన ఆకాశంలో రెండు మబ్బు తునకలు కనబడతాయిట. మిగతా మబ్బులు గాలికి పోతాయి, అవి పోవు. నక్షత్రాలతో పాటే తిరుగుతాయి. "మా తమ్ముణ్ణి జ్వరం తీసుకుపోయింది తల్లీ. గుడ్డలో చుట్టి నీళ్ళలోకి వదిలాం. తల ఎత్తి చూస్తే అవే ఉన్నాయి, రెండూ పక్కపక్కనే. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అవే," అన్నాడు. లైస్బెత్ ఇంకాస్త బీరు పోసింది.

వాళ్ళు వెళ్ళాక టైమెన్ కాగితాల కట్ట మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. "ముప్పై రెండు పటాలు లైస్బెత్. ఇది నా చేత్తో పూర్తిచేస్తే చాలు. తరవాత కుంచె కడిగి మేకుకి తగిలించేస్తాను. పూర్తి కాకుండా లాక్కుపోతే మాత్రం నేను బతకను."

"ఎవడు లాక్కుపోతాడు? నా చీపురు ఎక్కడికీ పోలేదు," అంది లైస్బెత్. పైకి అలా అంది గానీ లోపల గట్టిగా అనుకుంది: ఈ ముప్పై రెండూ ఆయన చేతే చేయిస్తాను, ఆయన కళ్ళ సంగతి ఆ వర్తకుడి చెవిన పడనివ్వను.

చలికాలమంతా పని సాగింది. సింహం, ఎద్దు, ఎలుగుబంటి, రెక్కల గుర్రం, ఒక్కొక్కటే రంగు తేలాయి. నెలకోసారి రూలోఫూ సరంగూ వచ్చి కిటికీ వెలుతురులో చూసి తలలూపి వెళ్ళేవారు. వసంతం వచ్చేసరికి ఇరవై అయిదు పూర్తయ్యాయి. ఇరవై ఆరోది దక్షిణాకాశం. మా ఓడవాళ్ళు చూసొచ్చి పేర్లు పెట్టిన నక్షత్రాలన్నీ అందులోనే: నెమలి, కొంగ, ఎగిరే చేప, ఊసరవెల్లి. బారెంట్ దానికోసమే కాచుకు కూర్చున్నాడు. శుక్రవారం వస్తానని కబురు పెట్టాడు. అంతకు ముందు శనివారం పొద్దున టైమెన్ దాన్ని బల్ల మీద పరిచాడు.

శనివారమంటే మా ఊరి ఆడవాళ్ళకి పూనకం వస్తుంది. గడప, మెట్లు, వీధి, వీలైతే వీధిలో పోయే కుక్క, అన్నీ తోమాల్సిందే. లైస్బెత్ ఆ రోజు రంగులు పేర్చి పెడుతూ చెక్క పలక మీద ఎండిన మరకలు చూసింది. చూసి ఊరుకుంటే ఆవిడ మా ఊరి మనిషే కాదు. చిప్పలన్నీ నేల మీద దించి, పలకని ఇసకేసి తోమింది. చిప్పలు మళ్ళీ ఎత్తి పెడుతుండగా కింద నుంచి పక్కింటి ఆల్త్యే గొంతు వినపడింది.

"లైస్బెత్ అక్కా! చేపల పడవ వచ్చింది! ఇంకా తోకలు ఆడిస్తున్నాయి! వస్తావా, నన్ను పొమ్మంటావా?"

"వస్తున్నానే, ప్రాణం తియ్యకు!"

చివరి రెండు చిప్పలూ గబగబా పలక మీద పెట్టి, బుట్ట తీసుకుని, చెక్కచెప్పులు టకటకలాడించుకుంటూ పరుగెత్తింది. చేపల దగ్గర ఆవిడ బేరం తెమిలేసరికి రెండు గంటలు పట్టింది.

తిరిగొచ్చి చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి.

దక్షిణాకాశం మొత్తం ఆకుపచ్చగా ఉంది. నెమలి వెనకాల ఆకుపచ్చ, కొంగ వెనకాల ఆకుపచ్చ, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎక్కడా ఒక్క చుక్క పొల్లుపోకుండా, గీత దాటకుండా, ముప్పై ఏళ్ళ పనితనంతో నున్నగా పూసిన ఆకుపచ్చ. లైస్బెత్ కళ్ళు పలక మీదికి పోయాయి. ఎడమ చివర ఆకుపచ్చ, దాని పక్కన నీలం. తనే. తన చేత్తో తనే మార్చి పెట్టింది. మరకలు తోమకపోతే కొంప మునిగేదా? చేపలు తినకపోతే చచ్చేవాళ్ళమా? ఆవిడకి తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

టైమెన్ కుంచె కడుగుతున్నాడు. ఇటు తిరగలేదు. "ఎలా ఉంది?" అని అడిగాడు.

ఆవిడ చేపల బుట్ట కింద పెట్టింది. "ఎప్పటిలాగే."

"ఎప్పటిలాగేనా?"

"ఆఁ. బాగుంది. చేపలు శుభ్రం చెయ్యాలి, నువ్వు జరుగు."

ఆయన కుంచె జాడించి పక్కకి జరిగాడు.

ఆ ఆకుపచ్చ కడిగితే పోయేది కాదు. కాగితాన్ని పట్టుకుంటే వదలదు, పదేళ్ళు పోతే కాగితాన్నే తినేస్తుంది. కొత్త పటం తేవాలంటే రూలోఫ్‌ని అడగాలి. అడిగితే ఎందుకంటాడు. ఎందుకో తెలిస్తే మిగతావన్నీ చంకన పెట్టుకుపోతాడు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో లైస్బెత్‌కి ఒక్క ముక్క వినపడలేదు. పక్కన టైమెన్ కీర్తన పాడుతుంటే ఆవిడ కొత్త పటం ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించింది.

సోమవారం పొద్దున్నే ఆల్త్యే ఇంటికి వెళ్ళి తలుపు వేసింది. ఆల్త్యే ఆ పుస్తకం అచ్చువేసినవాళ్ళ దగ్గరే తడి కాగితాలు తీగల మీద ఆరేసే పని చేస్తుంది. సంగతంతా విని ముక్కున వేలేసుకుంది.

"ఏణ్ణర్థం నుంచా? నాతో ఒక్క మాటన్నా అన్నావా అక్కా?"

"నీతో చెబితే ఊరంతా టముకు వేసినట్టే."

"ఇప్పుడు మాత్రం ఎందుకు చెబుతున్నావ్ మరి?"

"ఇప్పుడు గతి లేక."

ఆల్త్యే మూతి ముడిచింది గానీ, మధ్యాహ్నానికల్లా పటం తెచ్చింది. అంచున సిరా మరక పడిందని పొట్లాలు కట్టుకోవడానికి పక్కన పారేసిన దక్షిణాకాశం. "మరక నువ్వే గోకుకో. మా మేడ మీద కిటికీ పెద్దది, అక్కడ కూర్చో. మీ ఆయనకి నా కోడలికి నొప్పులొస్తున్నాయని చెప్పు."

"నీ కోడలికి ఏడో నెలే కదే."

"మగాళ్ళకి నెలలు తెలుస్తాయిటక్కా?"

మంగళవారం పటిక నీళ్ళు పూసి ఆరబెట్టింది. బుధవారం నీలం ఎత్తింది. సముద్రాలకి వెయ్యడం వేరు, ఇది వేరు. టైమెన్ ఎలా వేస్తాడో కళ్ళ ముందుకి తెచ్చుకుంది. ముందు నీళ్ళు తాకించి, తరవాత రంగు దించి, కుంచె వెనక్కి తిప్పకుండా ఒకటే పోత. ముప్పై రెండేళ్ళు రంగు నూరుతూ ఓరకంట చూసిందంతా చేతిలో ఉన్నట్టు అప్పటిదాకా ఆవిడకే తెలియదు. నెమలికి నెమలి రంగు, కొంగకి బూడిద రంగు. పటం కింది భాగానికి వచ్చేసరికి చుక్కల గీతతో చుట్టిన రెండు చిన్న ముద్దలు కనిపించాయి. రంగులవాళ్ళెవరూ వాటిని పట్టించుకోరు, మీదనుంచి నీలం పోసుకుంటూ పోతారు. లైస్బెత్ కుంచె ఆగింది. బారెంట్ మాటలు గుర్తొచ్చాయి. ఆ రెండు చోట్లా నీలం తగలనివ్వకుండా, సఫేదాలో చిటికెడు మసి కలిపి, వేలి కొసతో అద్దింది.

ఇంటికొస్తే టైమెన్ ఇంకో పటానికి ఎరుపు వేస్తూ పలకరించేవాడు. "ఆల్త్యే కోడలు ప్రసవించిందా?"

"లేదింకా."

"మూడు రోజుల నుంచీ నొప్పులా? ఏనుగుపిల్లని కంటోందా ఏం?"

"నోరు కడుక్కో. పాపం అది అక్కడ ప్రాణాలు అరచేత పెట్టుకుని ఉంటే."

"అవునులే," అనేవాడు. గురువారం సాయంత్రం ఆయన బయటికెళ్ళినప్పుడు లైస్బెత్ కొత్త పటాన్ని కట్టలో పెట్టి, ఆకుపచ్చ పటాన్ని తన పెట్టెలో బట్టల అడుగున దాచింది. పొయ్యిలో వెయ్యాలనే తీసింది గానీ, ఆయన పనితనం చూశాక మనసొప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బారెంట్ కర్ర పోటేసుకుంటూ మెట్లెక్కాడు. వెనకే రూలోఫ్. టైమెన్ కుర్చీలో కూర్చున్నాడు, లైస్బెత్ పొయ్యి దగ్గర నిలబడింది. బారెంట్ ఒక్కొక్క పటమే కిటికీకి ఎత్తి పట్టి చూశాడు. దక్షిణాకాశం చేతికి రాగానే కదలడం మానేశాడు. పటాన్ని బల్ల మీద దించి, కర్ర పక్కన పడేసి, దాని ముందు కూలబడ్డాడు.

"ఏం సరంగు గారూ? ఏమైనా తేడానా?" అన్నాడు రూలోఫ్.

బారెంట్ వినిపించుకోలేదు. ముడతలు పడ్డ బుగ్గల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకి. "మేస్త్రీ, వీటిని నువ్వెప్పుడు చూశావయ్యా?" అన్నాడు.

"వేటిని?" అన్నాడు టైమెన్.

"ఈ రెంటినీ."

టైమెన్ పటం వైపు వంగాడు. ముక్కు దాదాపు కాగితానికి ఆనింది. "ఆ... నెమలీ, కొంగా అంటారా?"

రూలోఫ్ కనుబొమ్మలు లేచాయి. లైస్బెత్ అది చూసింది. గబుక్కున ముందుకొచ్చింది. "మబ్బులండీ! ఆయన మాటకి అడ్డం వస్తున్నా. మీరు ఆ రోజు నాతో చెప్పారు కదా, నేనే ఆయన చెవిన వేశాను. విని ఇలా వేశాడు. పని చేసేటప్పుడు తప్ప ఆయనకేదీ గుర్తుండదు."

"అలాగా," అన్నాడు బారెంట్. "వింటేనే ఇలా వేశావా మేస్త్రీ! నేను చూసింది చూసినట్టుంది."

రూలోఫ్ కనుబొమ్మలు దిగాయి. గట్టెక్కినట్టే. లైస్బెత్ ఊపిరి వదిలింది. టైమెన్ ఊఁ అంటే సరిపోయేది.

"అబద్ధం చెబుతోంది," అన్నాడు టైమెన్.

"టైమెన్!"

"ఉండు. నాకెవరూ ఏ మబ్బుల గురించీ చెప్పలేదండీ. ఈ పటం నేను వెయ్యలేదు. నేను వేసిన దక్షిణాకాశం ఆకుపచ్చగా ఉంటుంది." ఆయన గొంతు మామూలుగానే ఉంది. చేతులే ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "నా కళ్ళు పోయాయి. రంగులు తెలియక ఏడాదిన్నర దాటింది. ఆవిడ చిప్పలు వరస తప్పకుండా పెడుతుంటే తడుముకుంటూ లాక్కొచ్చాను."

లైస్బెత్ ఆయన వైపు తిరిగి, "నీకు తెలుసా?" అంది.

"సగం ఆకాశం పూశాక తెలిసింది. ఆ ఆకుపచ్చ దేంతో చేస్తావు నువ్వు? రాగి రేకుల్ని వెనిగర్లో నానేసి కదా. కళ్ళు పోయాయి గానీ ముక్కు పోలేదు. నీలం నుంచి వెనిగర్ వాసనేంటా అనుకున్నా. అర్థమయ్యేసరికి సగం అయిపోయింది. వెనక్కి రాదు కదా. ఎలాగూ పోయింది, అందంగానన్నా పోనీ అని మిగతా సగం కూడా పూశాను. నువ్వొచ్చాక ఎలా ఉందని అడిగాను. నువ్వు ఎప్పటిలాగే అన్నావు. అప్పుడు నాకు తెలిసింది, నీకు ఎప్పుడో తెలుసని. మూడు రోజులు లేని పురిటినొప్పులకి కాపలా కాశావు. గురువారం ఈ పటం కట్టలోకి వచ్చింది. వాసన చూశాను, వెనిగర్ లేదు."

"తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా?"

"కూర్చున్నాను. ఇవాళ కూడా కూర్చుందామనే అనుకున్నా, ఒట్టు. కానీ ఆయన ఏడుస్తున్నాడే. చూసింది చూసినట్టుందంటున్నాడు. నీ పనికొచ్చిన మెప్పు నేను మింగితే నాకు అరగదు లైస్బెత్."

ముందు తేరుకున్నది రూలోఫే, వర్తకుడు కదా. పటాలు దగ్గరికి లాగి కట్ట కట్టడం మొదలుపెట్టాడు. "నాకు బాధగానే ఉంది మేస్త్రీ. కానీ అనుకున్న మాట నీ చేతి గురించి. మిగిలిన ఆరూ ఇంకెక్కడైనా..."

"రూలోఫ్, చేతులు తియ్యి," అన్నాడు బారెంట్.

"సరంగు గారూ, ఆడమనిషి పని అని తెలిస్తే..."

"తెలిస్తే ఏం? ఆ మబ్బులు నేను చూశాను, నువ్వు చూశావా? ఈ ఊళ్ళో వంద మంది రంగులవాళ్ళు వాటి మీద నీలం పోసుకుంటూ పోయారు. నా మాట విన్నది ఈ తల్లి ఒక్కత్తే. మిగిలిన ఆరూ ఆవిడ చేతే పడాలి. లేదంటే పుస్తకం నువ్వే పెట్టుకో, నాకొద్దు."

రూలోఫ్ కట్ట తాడు వదిలేశాడు.

టైమెన్ చెయ్యి చాపాడు. "ఎక్కడున్నాయవి? నాకూ చూపించు." లైస్బెత్ ఆయన చూపుడు వేలు పట్టుకుని పటం మీద పెట్టింది. ఆయన వేలు సఫేదా గరుకుని తడిమింది. ఒకటి, తరవాత రెండోది. ముప్పై ఏళ్ళ మేస్త్రీ కదా, ఊరుకోలేకపోయాడు. "మందంగా అద్దావు. ఇంకాస్త పలచన చెయ్యాల్సింది."

"అక్కడ అంత మందంగానే ఉంటాయి మేస్త్రీ," అన్నాడు బారెంట్.

వాళ్ళు మెట్లు దిగిపోగానే లైస్బెత్ విరుచుకుపడింది. "ఎందుకు చెప్పావు? నీ చేత్తో పూర్తికాకపోతే బతకనన్నావే! నేను ఇంతా చేసింది ఎందుకు? ఒక్క ఊఁ కొడితే నీ సొమ్మేం పోయేది?" అంటూ ఏడ్చింది. టైమెన్ తిట్లన్నీ తిన్నాడు. ఆ రాత్రి జావ మాత్రం రెండు గిన్నెలు తాగాడు. చాలా నెలలుగా ఆయన అంత తినడం ఆవిడ చూడలేదు.

మర్నాడు లైస్బెత్ లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. పై గదిలోంచి రాయి మీద రాయి తిరిగే చప్పుడు వస్తోంది. గాభరాగా ఎక్కి చూస్తే టైమెన్ ఆవిడ స్థానంలో, గోడవార ముక్కాలిపీట మీద కూర్చుని, ఆవిడ నడికట్టు గుడ్డ కట్టుకుని నీలి రాయి నూరుతున్నాడు. గడ్డం నిండా నీలం.

ఆవిడ వేళ్ళతో తీసి నలిపి చూసింది. "బరకగా ఉంది. ఇంకా నూరాలి."

"అర్ధగంట నుంచీ నూరుతున్నానే!"

"ముప్పై రెండేళ్ళు నాతో నువ్వన్న మాటే అది."

"ఇంత కర్కశంగా అనేవాణ్ణా?"

"ఇంతకంటే."

ఆయన గొణుక్కుంటూ మళ్ళీ మొదలెట్టాడు. "కూర్చో మరి. నిలబడి వేస్తారా ఎవరైనా?"

కుర్చీ దగ్గరికి వెళ్ళిందే గానీ కూర్చోవడానికి ఆవిడకి మనసు రాలేదు. చివరికి అంచున ఆనుకుంది, తరవాత వెనక్కి జరిగింది. కిటికీ వెలుతురు సరిగ్గా ఎడమ భుజం మీదుగా కాగితం మీద పడుతోంది. ఆయన ఎరుపు మాత్రం వేసి వదిలిన ఇరవై ఏడో పటం ఎదురుగా ఉంది. కుంచె తీసింది, పెట్టేసింది.

"కూర్చున్నావా?"

"ఆఁ."

"తల ఎత్తి ఎదురుగా చూడు. ఏం కనబడుతోంది?"

ఎత్తింది. "ఏముంది? గోడ. నూరే రాయి. నువ్వు."

"అక్కడ కూర్చుంటే అంతే కనబడుతుంది," అన్నాడు టైమెన్. ఆయన చేతులు ఆగలేదు. "ఏ దేశం పటం మీద పడి ఉన్నా, మెడ నొప్పెట్టి తల ఎత్తితే నువ్వు కనబడేదానివి. మొహం మీద చెమట, ముక్కు మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు. కాసేపు చూసుకుని మళ్ళీ వంగేవాణ్ణి. రంగులు పోతే పోయాయి లైస్బెత్, నీలం ఎలా ఉంటుందో నాకు గుర్తే. పోయిన చలికాలం నుంచీ తల ఎత్తితే నువ్వు కనబడటం లేదు. అది ఒక్కటే నావల్ల కాలేదు."

లైస్బెత్ కుర్చీలోంచి లేచింది. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నీలం అంటిన ఆయన రెండు చేతులూ తీసి తన మొహానికి ఆనించుకుంది. ఆయన వేళ్ళు నుదురు తడిమాయి, కళ్ళు, బుగ్గలు, తడి, అన్నీ మెల్లగా తడిమాయి.

"ముక్కు మీద రంగు లేదే," అన్నాడు.

"ఇప్పుడు ఉంది," అంది.

తరవాత ఆవిడ మొహం తుడుచుకోకుండానే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. తల ఎత్తి ఒకసారి ఆయన్ని తనివితీరా చూసుకుంది. కుంచె నీళ్ళలో ముంచింది.